రంగు చూసేవాడు, తూకం చూసేవాడు

అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర ముందు కంటితో తేలుతుంది, నోటి మాట తర్వాత. కొనేవాడు దిమ్మ అంచు గిల్లుతాడు, బొటనవేలితో నొక్కుతాడు, వెలుతురు వైపు తిప్పి చూస్తాడు. పసుపు తిరిగి గట్టిగా ఉంటే ఒక ధర, ఎర్రబారితే ఇంకో ధర. నల్లబడి వేలు లోపలికి దిగిందంటే ఆ రైతు మొహం చూడలేం. పైగా సారా బట్టీలకు పోయేది నల్లబెల్లమేనని పోలీసుల కన్ను కూడా దాని మీదే ఉంటుంది.

సంక్రాంతి అరిసెలకు బెల్లం కోసం శారదానది ఒడ్డున ఓ ఊరి గానుగ దగ్గరికి వెళ్లాను. ఎద్దులు పోయి చాలా కాలమైంది, ఇప్పుడు తిప్పేది కరెంటు మోటారు. ఊళ్లో మాత్రం ఇంకా గానుగనే అంటారు. పెనం మీద రసం పొంగుకొస్తోంది. పొయ్యిలోకి పిప్పి తోస్తూ ఒకడు, తెడ్డు పట్టుకుని వంటవాడు, పక్కన నులకమంచం మీద ఇద్దరు పెద్దవాళ్లు. ఒకాయన ఆ చెరుకు పండించిన రైతు. రెండో ఆయన ఈయన భార్యకు తమ్ముడు, భూసార పరీక్షల పనిలో జీవితమంతా గడిపి రిటైరైనవాడు. వాళ్లు ఒకరినొకరు పిలుచుకునే వరసతోనే వాళ్ల మాటలు రాస్తున్నాను. నాకు మూడు దిమ్మలు కావాలి, అవి అచ్చుల్లోకి దిగేదాకా కూర్చోక తప్పదు. తగువు నేను వెళ్లేసరికే మొదలైపోయింది.

బావ: ఇదిగో, ఈ బాబుగారే సాక్షి. సూడండి బాబూ, పెనంలో మడ్డి తీసినకొద్దీ వొస్తన్నాది. ఇదంతా యూరియా పుణ్యం. మా నాన్న వండిన బెల్లం ఏడాది అటక మీదున్నా చెమ్మ పట్టేది కాదు. ఇప్పుడు వానలు మొదలైతే చాలు, తట్టలోనే కారిపోతంది.

బామ్మర్ది: పుణ్యమో పాపమో యూరియాది కాదు, చల్లిన చేతిది. ఎన్ని బస్తాలు వేశావో, ఎప్పుడు వేశావో చెప్పు బావా. సాక్షి ఉన్నారుగా.

బావ: వేసినప్పుడు వేశాను. అసలు సంగతి అది కాదు. చెరుక్కి యూరియా ఎందుకు? అడవిలో చెట్టుకి ఎవడు వేశాడు?

బామ్మర్ది: అడవి చెట్టును ఎవడూ ఏటేటా నరికి బండికెత్తడు. ఆకు అక్కడే రాలుతుంది, అక్కడే కుళ్లుతుంది, దాని నత్రజని ఆ నేలకే చేరుతుంది. నువ్వు ఎకరం నుంచి ముప్పై టన్నులు బయటికి పంపుతావు. టన్నుకు కిలో అటూ ఇటూ నత్రజని దాంతో వెళ్లిపోతుంది. నరికాక చెత్తకు అగ్గి పెడతావు, అందులోది పొగైపోతుంది. తీసింది తిరిగి పెట్టకపోతే నేల ఎన్నాళ్లు ఇస్తుంది?

బావ: గాలి నిండా నత్రజనేనని మా రామాలయం అరుగు మీద మీటింగ్ పెట్టి నువ్వే చెప్పీవోడివి. ఊరికే ఉన్నదాన్ని వదిలీసి కొట్లో ఎందుకు కొనమంటావు?

బామ్మర్ది: ఉంది. నూటికి 78 పాళ్లు అదే. నీ ఎకరం మీద ఆకాశం దాకా నిలబడ్డ గాలిలో ముప్పై వేల టన్నుల పైచిలుకే ఉంటుంది. కానీ గాలిలో నత్రజని జంటగా తిరుగుతుంది, ఆ జంట మూడు ముళ్లు వేసుకుని ఉంటుంది. విప్పడం చెరుకు వేరుకు చేతకాదు. పెసరకు, జనుముకు వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా విప్పిపెడుతుంది. పిడుగు పడ్డప్పుడు కొంత విడిపోతుంది. మిగతాది ఫ్యాక్టరీ విప్పాల్సిందే.

బావ: అంటే పూడిమడక సముద్రం ఒడ్డున కూకుని దాహంతో చచ్చినట్టు.

బామ్మర్ది: అంతే. ఆ ముడి విప్పే పని జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాల బల్ల మీద చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఓపావ్ అనే చోట 1913లో గాలి నుంచి అమ్మోనియా తీయడం మొదలైంది. మన అనకాపల్లిలో చెరుకు పరిశోధన కేంద్రం పెట్టిందీ ఆ ఏడే.

బావ: వాళ్లు పెడితే మాకేటి? మా తాతకి యూరియా పేరే తెలీదు. వేరుసెనగ చెక్క వేసీవోడు, ఆముదం చెక్క వేసీవోడు, గొర్రెల మంద కట్టించీవోడు. బెల్లం బంగారంలాగుండేది. నేను మూడో తరగతిలో ఉండగా అనుకుంటాను, విశాఖలో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ వొచ్చింది.

బామ్మర్ది: 1967.

బావ: ఆ, అదే. గ్రోమోర్ బస్తా ఎడ్లబండి మీద ఊళ్లోకి దిగితే తిరనాళ్లకి వెళ్లినట్టు వెళ్లి సూశాం. అప్పుణ్నుంచే బెల్లం పాడైపోనాది.

బామ్మర్ది: మీ తాత కూడా నత్రజనే వేశాడు బావా, పేరు వేరే అంతే. వేరుసెనగ చెక్కలో నూటికి ఏడు పాళ్లు అదే ఉంటుంది. ఉత్తర కోస్తాలో కొత్తగా నాటిన మొక్కతోటకు మన పరిశోధన కేంద్రం చెప్పేది హెక్టారుకు 112 కిలోల నత్రజని, ఎకరాకు 45 అనుకో. అది చెక్కలోంచి రావాలంటే ఆరున్నర క్వింటాళ్ల చెక్క కావాలి. యూరియాలో నూటికి 46 పాళ్లు కనక రెండు బస్తాలూ, పైన ఎనిమిది కిలోలూ చాలు. వేరుకు చేరేసరికి చెక్కదైనా బస్తాదైనా అమ్మోనియం, నైట్రేట్ రూపాల్లోనే చేరుతుంది. ఇది గొర్రె పెంటదా, గ్యాసుతో చేసిందా అని వేరు అడగదు.

బావ: వేరు అడక్కపోవొచ్చు, నేల అడుగుతాది. చెక్క నేలకి తిండి. దాన్ని వానపాము తింటాది, సూక్ష్మజీవులు తింటాయి, మిగిలింది మెల్లిగా మొక్కకి వొస్తాది. నీ బస్తా వారంలో కరిగి పోతాది. చెక్క వేసిన నేలని గునపంతో పొడిస్తే దిగీది. ఇప్పుడు మా గట్టు కింద మడి రాయిలాగైపోయింది. దానికి నీ దగ్గర లెక్కున్నాదేటి?

బామ్మర్దికి వెంటనే జవాబు రాలేదు. నేలలో సేంద్రియ కర్బనం తగ్గిపోవడం గురించి ఆయన ఉద్యోగంలో ఉండగా వేల కార్డులు రాసి ఉంటాడు. బావ గునపం మాటలో ఉన్నదీ అదే. ఒప్పుకున్నట్టు తల ఊపి మాట మళ్లీ మొక్క మీదికి తెచ్చాడు.

బామ్మర్ది: అసలు నత్రజని ఏం చేస్తుందో ముందు అది చూద్దాం. ఆకు పచ్చగా ఉండేది పత్రహరితంతో. దాని ఒక్కో అణువులో నడుమ ఒక మెగ్నీషియం, చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెర చేసే పనిముట్లన్నీ ప్రోటీన్లు, నత్రజని లేనిదే ప్రోటీన్ లేదు. అది తక్కువైతే మొక్క ఏం చేస్తుందో నువ్వు రోజూ చూస్తావు. కింది ఆకుల్లోంచి పీకి పైన లేత ఆకుకు పంపుతుంది. అందుకే పసుపు ముందు ముదురాకుల్లో కనిపిస్తుంది. పైన లేత ఆకు ముందు పాలిపోతే అది వేరే జబ్బు, ఇనుమో గంధకమో చూసుకోవాలి.

బావ: తల్లి పస్తుండి పిల్లకి పెట్టినట్టు.

బామ్మర్ది: అలాగే అనుకో. ఆ పస్తు పిలకల దశలో పడితే పిలకలు చస్తాయి, గడల లెక్క పడిపోతుంది. తర్వాత ఎంత వేసినా పోయిన పిలక తిరిగిరాదు. నాటిన నలభై అయిదు రోజులకు ఓసారి, తొంభై రోజులకు ఓసారి వెయ్యమని చెప్పేది అందుకే. చెరుకు వరి లాంటిది కాదు, అదే నత్రజనితో ఎక్కువ పని చేసుకునే జాతి. మొదటి నాలుగైదు నెలల్లో కడుపు నిండితే చాలు. ఆ తర్వాత దానికి కావలసింది ఆకలి.

బావ: ఆకలా? ఇందాక పస్తన్నావు, ఇప్పుడు ఆకలి కావాలంటన్నావు.

బామ్మర్ది: చెరుకు తీపి దాచేది ఎప్పుడు? ఎదగడం ఆపినప్పుడు. ఆకులో తయారైన పంచదార రెండు దారుల్లో పోతుంది. కొత్త ఆకు, కొత్త కణుపు కట్టడానికి ఖర్చైపోవచ్చు, గడలో నిలవ ఉండొచ్చు. నేలలో నత్రజని, నీరూ ఇంకా అందుతుంటే మొక్క ఖర్చు వైపే పోతుంది. కార్తీకం చలి పడి, తేమ తగ్గి, నత్రజని కూడా ఖాళీ అయితే ఎదుగుదల ఆగుతుంది, అప్పుడు నిలవ మొదలు. నవంబరులో కూడా నీ తోట నల్లపచ్చగా నిగనిగలాడుతోందంటే అది ఇంకా పండలేదని అర్థం. నువ్వేమో రోడ్డు మీద పోయేవాళ్లకు చూపించి మురిసిపోతావు.

ఆయన చొక్కా జేబులోంచి వేలెడు పొడుగు గొట్టం తీశాడు. రసంలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్. రిటైరయ్యాక కూడా జేబులో పెట్టుకు తిరిగే ఈ మనిషిని చూస్తే నాకు నవ్వూ వచ్చింది, గౌరవమూ కలిగింది. గానుగ పక్కన గుట్టలోంచి ఒక గడ లాగి, మొదట్లో ఓ చుక్క రసం, తలవైపు ఓ చుక్క రసం అద్దం మీద పిండి నా చేతికిచ్చాడు. మొదటి చుక్కకు గీత పైన నిలిచింది. తల చుక్కకు బాగా కిందే ఆగింది. పండిన గడలో ఆ రెండూ దాదాపు ఒక్కటిగా రావాలట.

బావ: తల ఎప్పుడూ చప్పగానే ఉంటాది.

బామ్మర్ది: ఇంత చప్పగా ఉండదు. ఇప్పుడు చెప్పు, ఆఖరి బస్తా ఎప్పుడు వేశావు?

బావ: ... శ్రావణంలో.

బామ్మర్ది: నాటింది మాఘంలో. అంటే ఆర్నెల్లకు. మొత్తం ఎన్ని?

బావ: ఐదు.

బామ్మర్ది: ఐదు బస్తాలంటే నూరు కిలోల పైన నత్రజని. చెప్పినదానికి రెట్టింపు దాటింది.

బావ: నువ్వు ఆఫీసులో కూకుని తొంభై రోజులని రాసీసేవు. మాఘంలో నాటితే తొంభై రోజులకి వైశాఖం. మాకు కాలవ లేదు, బోరు లేదు, వానే. వైశాఖంలో నేల నెర్రెలిచ్చి ఉంటాది. ఆ ఎండలో యూరియా చల్లితే ఏటవుతాది?

బామ్మర్ది: ఆవిరైపోతుంది. నేల మీద పడ్డ యూరియా అమ్మోనియాగా మారి గాలికి పోతుంది.

బావ: మరదే కదా! గాలిలోంచి దించడానికి జర్మనీవోడు కష్టపడ్డాడన్నావు, నేను మళ్లీ గాలికి ఎక్కించాలా? అందుకే వాన పడ్డదాకా ఆగుతాను. వాన జ్యేష్ఠంలో పడితే జ్యేష్ఠంలో వేస్తాను, ఆషాఢంలో పడితే ఆషాఢంలో. శ్రావణంలో పక్కోడి తోట నల్లగా, నాది లేతగా కనపడితే ఇంకో బస్తా. అది నా తప్పేటి?

ఇక్కడ నేను బావ వైపే. సిఫారసు పుస్తకాలు నీళ్లున్న పొలాన్ని కళ్లముందు పెట్టుకుని రాసినట్టు ఉంటాయి. వాన మీద బతికే చెరుకు రైతుకు ఎరువు వేసే రోజు క్యాలెండరు చెప్పదు, మబ్బు చెబుతుంది. అయితే బామ్మర్ది కూడా చేతులెత్తేసే మనిషి కాదు.

బామ్మర్ది: చల్లమని నేనెప్పుడూ అనలేదు. మొదలు పక్కన గునపంతో చిన్న గుంట తీసి, అందులో వేసి మట్టి కప్పమన్నాను. లోపల పడితే ఆవిరి తగ్గుతుంది, గడ్డికి అందదు, వాన పడగానే వేరు అందుకుంటుంది. మరీ బెట్టగా ఉంటే లీటరు నీటికి పాతిక గ్రాముల యూరియా, పాతిక గ్రాముల మ్యురేట్ ఆఫ్ పొటాష్ కలిపి ఆకు మీద కొట్టమని పరిశోధన కేంద్రం ఎప్పటినుంచో చెబుతోంది. అది నడి ఎండాకాలం దాటించడానికి.

బావ: గుంటకి మనిషెవడు? ఎకరంలో మొదళ్లు ఎన్నుంటాయో లెక్కెట్టేవా? కూలోళ్లంతా అచ్యుతాపురం సెజ్‌లో పనికి పోతన్నారు. బస్తా ధర 266 రూపాయల 50 పైసలు, గుంటలు తీసిన కూలి దానికి నాలుగింతలు. చల్లీస్తే గంటలో అయిపోతాది.

బామ్మర్ది: అదిగో, అసలు జబ్బు అక్కడుంది. బస్తా చవక. 2010లో పొటాష్‌కూ భాస్వరానికీ ధర వదిలేశారు, యూరియా ధరను మాత్రం పట్టి ఉంచారు. పంచదారను ఆకులోంచి గడలోకి మోసుకొచ్చే పనిలో పొటాష్ చెయ్యి ఉంది. అది కొనవు. చవగ్గా దొరికేది రెట్టింపు వేస్తావు.

బావ: దొరికితే! 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్ని క్యూలు, ఎన్ని చెప్పులు వరసలో పెట్టి కూకున్నాం! ఆధార్ మీద వేలిముద్ర వేస్తే ఒకటో రెండో. పైగా సీసాలు కొనమని మాటలు.

బామ్మర్ది: నానో యూరియా అంటావా? 2021లో వచ్చిన సీసా అర లీటరు, నత్రజని నాలుగు శాతం. అంటే 20 గ్రాములు. బస్తాలో 20 కిలోల పైన. మిగతాది నువ్వే లెక్కవేసుకో. నాకు దాని మీద ఇంతకన్నా చెప్పాలని లేదు.

వంటవాడు సున్నం తేట తెచ్చి పెనంలో పోశాడు. నురుగు ఒక్కసారిగా ముదిరి అంచులకు చేరింది. జల్లెడతో ఎత్తి పక్కన గుంటలో పడేస్తుంటే రసం రంగు మెల్లగా తేలింది. తేనె రంగు వస్తుందనుకున్నాను, టీ రంగు దగ్గర ఆగింది.

బావ: సూశావా ఆ ఎరుపు? రసం తెల్లగానే దిగింది. మరి ఎరుపు ఎక్కణ్నుంచి వొచ్చింది?

బామ్మర్ది: మొక్క తీసుకున్న నత్రజని అంతా ప్రోటీన్‌గా మారలేదు. ఎక్కువై మిగిలింది అమినో ఆమ్లాలుగా గడ రసంలోనే తిరుగుతోంది. పండని చెరుకులో విడి చక్కెరలు, అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఎక్కువే. ఈ రెండూ పెనం మీద కలిసి మరిగితే గోధుమ రంగు పుడుతుంది. రొట్టె కాలినప్పుడు, ఉల్లిపాయ వేగినప్పుడు వచ్చేది కూడా అదే. ఫ్రాన్స్‌లో మయార్ అనే ఆయన 1912లో దాన్ని కనిపెట్టి రాశాడు. ఇక ఆ విడి చక్కెరలకు చెమ్మను లాగే గుణం ఉంది. నీ బెల్లం ఆషాఢంలో కారిపోయేది అందుకే.

బావ: అంటే నేను మొదట అన్నదే కదా నువ్వు ఇంగ్లీషు చదువుతో చెప్పింది! యూరియా వేస్తే బెల్లం చెడుతాది.

బామ్మర్ది: ఎక్కువ వేస్తే, ఆలస్యంగా వేస్తే. అసలు వెయ్యకపోయినా చెడుతుంది. పిలకలు లేక, గడ సన్నబడి, పెనం నిండదు. రంగు బాగుంటుంది, దిమ్మలే ఉండవు. ఇంకోటి కూడా ఉంది, నలుపంతా నత్రజని మీద వెయ్యకు. ఉప్పు నేలలో చెరుకు, పడిపోయి ఎలుకలు కొరికిన చెరుకు, నరికి మూడు రోజులు గట్టున పెట్టిన చెరుకు, ఎక్కువైన సున్నం, ఇవన్నీ నలుపే తెస్తాయి. తోట ఎందుకు పడిపోయింది? నత్రజని ఎక్కువై గడ మెత్తబడి, గడల్ని కలిపి కట్టిన జడచుట్టు కూడా ఆపలేక. ఆ లెక్క మాత్రం మళ్లీ దాని ఖాతాలోకే పోతుంది.

బావ: ఇప్పుడు నేనొకటి అడుగుతాను, తప్పించుకోకు. ముప్పై ఏళ్లు నువ్వూ, నీలాంటోళ్లూ, చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డ్‌మేన్‌లూ మా గట్ల మీద తిరిగి ఏం చెప్పీవోరు? టన్నేజీ పెంచు, టన్నేజీ పెంచు అని. అవునా కాదా?

బామ్మర్ది: అవును.

బావ: ఫ్యాక్టరీకి తోలినప్పుడు నాకు డబ్బులు దేనికి వొచ్చీవి? 2024-25 సీజనుకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ధర సూడు. పది పాయింట్ పాతిక శాతం పంచదార రికవరీ ఉంటే క్వింటాకి 340. తొమ్మిదిన్నర దాటకపోయినా 315 రూపాయల 10 పైసలకి తగ్గకూడదు. ఆ రికవరీ ఎవరిది? ఫ్యాక్టరీ మొత్తానిది. నా బండిది కాదు. నేను శ్రావణంలో యూరియా మానీసి తియ్యటి చెరుకు తోలాననుకో, పక్కోడు నీళ్ల చెరుకు తోలాడనుకో, ఇద్దరికీ ఒకటే ధర. వాడికి టన్నులెక్కువ. నా చెరుకు తియ్యగా ఉన్నాదా, చప్పగా ఉన్నాదా అని కాటా ఏ రోజూ అడగలేదు. బరువెంతని అడిగింది. నేను దానికి జవాబు చెప్పాను, అంతే.

ఇంతసేపట్లో బావ గొంతు లేవడం అదొక్కసారే. బామ్మర్ది చాలాసేపు పెనం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎరువు గురించి రాసే పుస్తకాల్లో మొక్క ఉంటుంది, నేల ఉంటుంది, వాన కూడా ఉంటుంది. కొనేవాడు ఉండడు. పంటకు ఎంత నత్రజని కావాలన్న ప్రశ్నకు జవాబులో సగం కాటా దగ్గరే తేలిపోతుందని నాకు ఈ నులకమంచం మీద కూర్చున్నాకే తట్టింది.

బామ్మర్ది: నీ మాట కాదనను. తీపికి డబ్బివ్వని చోట తీపి ఎవడు పండిస్తాడు? కానీ బావా, తుమ్మపాల ఫ్యాక్టరీ గొట్టం పొగ ఆగి ఎన్నేళ్లయింది? ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీలు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు నీ చెరుకు పోయేది ఈ పెనంలోకి. పది టన్నుల చెరుకుకు టన్ను అటూ ఇటూ బెల్లం, ఆ టన్నుకు ధర కట్టేది రంగు. నేల అదే, రకం అదే, మన విశ్వామిత్రే, 87ఏ298. కొనేవాడు మారిపోయాడు. నీ చెయ్యి మాత్రం ఇంకా కాటాకే జవాబు చెబుతోంది.

బావ: ...

బామ్మర్ది: ఆ జవాబు కప్పిపుచ్చడానికి ఆ డబ్బాలో ఉన్నది వేస్తావు. బాబుగారూ, ఆ మూల తెల్లడబ్బా చూశారా? హైడ్రోస్. పెనంలో గుప్పెడు వేస్తే ఎరుపు విరిగి పసుపు తేలుతుంది. మార్కెట్లో నిలబడేదాకా ఆ పసుపు ఉంటుంది. నాలుగు వారాలు నిలవుంటే మళ్లీ అసలు రంగు బయటపడుతుంది. శ్రావణంలో బస్తా కొని తెచ్చుకున్న ఎరుపును పుష్యంలో డబ్బా కొని పోగొట్టుకోవడం. రెండుసార్లు ఖర్చు.

బావ: మార్కెట్టోడికి పసుపు కావాలంటే నేనేటి చెయ్యాలి? వెయ్యని బెల్లం తీసుకెళ్తే మొహం తిప్పీసుకుంటాడు. నేను ఇంటికి వండుకునే దిమ్మల్లో ఎప్పుడూ వెయ్యను. బాబుగారికి దిగేది ఇంటి పెనమే, భయపడకండి.

భయం కాదు గానీ డబ్బా మూత తెరిచి ఉందో లేదో నేను చూసుకున్న మాట నిజం. మూసే ఉంది. ఇద్దరికీ టీ వచ్చింది. టీ తాగుతూ బావ కొత్త అస్త్రం తీశాడు.

బావ: మా మనవడు ఫోన్లో చూపించాడు. బ్రెజిల్‌లో చెరుక్కి యూరియా మనంత వెయ్యరంట. చెరుకు లోపలే ఏదో పురుగుండి గాలిలోంచి నత్రజని తీసి పెడతాదంట. ఇందాక నువ్వు చెరుకు చేతకాదన్నావు.

బామ్మర్ది: చెరుకు చేతకాదన్నాను, దాని అతిథుల సంగతి చెప్పలేదు. అది నిజమే. అక్కడ యోహన్నా డ్యోబరైనర్ అనే శాస్త్రవేత్త ఉండేది. ఆమె, ఆమె తోటివాళ్లు 1988లో చెరుకు లోపలే బతికే బాక్టీరియాను బయటపెట్టారు. తియ్యటి పుల్లటి రసంలో హాయిగా ఉంటుంది, గాలి నత్రజని పట్టుకుంటుంది. మన దగ్గర అజోస్పైరిల్లం పొడి పశువుల ఎరువులో కలిపి వెయ్యమనేది కూడా ఆ దారిలోదే.

బావ: మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?

బామ్మర్ది: చెప్పాను, నువ్వు పొడి సంచి తీసుకెళ్లి దొడ్లో పడేశావు. అక్క నాకు చూపించింది. ఇంకో సంగతి విను. ఆ బాక్టీరియా మొత్తం తిండి పెట్టదు, కొంతే పెడుతుంది. అది కూడా రకాన్ని బట్టి, నేలను బట్టి. యూరియా కుమ్మరించిన చెరుకులో దాని సంఖ్యే పడిపోతుంది. ఇంట్లో అన్నీ దొరుకుతుంటే బయటి వంటవాడితో పనేముంది?

బావ: అంటే యూరియా తగ్గిస్తే అది పెరుగుతాది.

బామ్మర్ది: కొంత. ఒక్క ఏడాదిలో సగం కోసేసి చూడకు. పెసరో జనుమో వేసి కలియదున్ను, చెత్త కాల్చడం మానెయ్, రెండు మూడేళ్ల మీద బస్తా బస్తా తగ్గించు.

బావ: చెత్త ఉంచితే ఏటయిందో తెలుసా? పోయినసారి, నరికిన మొదళ్ల నుంచి మళ్లీ లేచిన కార్శిలో ఉంచాను నీ మాట విని. రెండు నెలలు తోట పసుపుపచ్చగా నిలిచిపోయింది. ఊరంతా నవ్వింది.

బామ్మర్ది: అది నా తప్పే, సగం చెప్పాను. ఎండిన చెత్తలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, నేలలో ఉన్నది ముందు అవి లాక్కుంటాయి. మొక్కకు మిగలదు. తర్వాత అవి చచ్చాక అది మొక్కకే వస్తుంది, కానీ ఆలస్యంగా. అందుకే చెత్త ఉంచిన కార్శిలో మొదటి విడత యూరియా నరికిన వెంటనే వెయ్యాలి. మామూలుగానే కార్శికి మొక్కతోటకన్నా ఎక్కువ కావాలి, అదీ ముందే కావాలి. శ్రావణం దాకా దాచుకునే బస్తా ఏదైతే ఉందో, దాన్ని ఇక్కడికి జరుపు.

బావ: తగ్గించమన్నావు, ఇప్పుడు ఎక్కువ అంటన్నావు.

బామ్మర్ది: మొదట్లో ఎక్కువ, చివర్లో సున్న. నీది ఇప్పుడు తిరగేసి ఉంది.

వంటవాడు తెడ్డు ఎత్తి పాకం తీగ చూశాడు. చల్లని నీళ్ల ముంతలో ఓ చుక్క వేసి వేలితో ఉండ చేశాడు, ఉండను పెనం అంచుకు కొట్టాడు. టక్కుమంది. నలుగురు పట్టి పెనం దించారు. పాకం చల్లార్చే తొట్టిలోకి పోస్తుంటే ఊరంతా నిండే ఆ వాసన గురించి రాయబోయి ఆగాను, తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అచ్చుల్లో దిమ్మలు గట్టిపడ్డాక బావ ఒకటి తిరగేసి గోరుతో అంచు గీశాడు. పసుపు కాదు, నలుపు కాదు. వానాకాలంలో గట్టు మట్టి రంగు.

బావ: దీనికి మార్కెట్లో రెండో రకం కూడా కట్టరు.

బామ్మర్ది: అరిసెకు ఇదే బాగుంటుంది.

బావ: నువ్వు అరిసెలు తినీవోడివి, అమ్మీవోడివి కాదు.

డబ్బులిచ్చి దిమ్మలు స్కూటర్‌కు కట్టుకుంటుంటే వెనక వాళ్ల మాట ఇంకా వినిపిస్తోంది.

బావ: ఇంతకీ ఈ తోట ఎల్లుండి నరకడం అయిపోతాది. కార్శికి ఎప్పుడు వెయ్యమంటావు?

బామ్మర్ది: ఆ వారంలోనే. పక్కన గుంట తీసి.

బావ: గుంట సంగతి తరవాత. బస్తా ఉన్నాదో లేదో ముందు కొట్టోడికి ఫోను చెయ్.

బామ్మర్ది: చేస్తాను. ఎన్ని?

బావ కాసేపు వేళ్లు ముడిచి, విప్పి, మళ్లీ ముడిచాడు.

బావ: మూడు చెప్పు. నాలుగోది... సరే, మూడే చెప్పు. శ్రావణంలో మళ్లీ నువ్వొస్తావు కదా, అప్పుడు పక్కోడి తోట సూసి మాటాడదాం.